ఇంజనుకి తలంటు

కారు ఇంజనుకి తలంటు పోసిన కోడలు నూజివీడు మొత్తానికి నేనొక్కదాన్నే. ఈ మాట ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఎనభైల మధ్యలో ఆ వేసవి నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చినవాళ్లు మంచినీళ్లు పుచ్చుకోకముందే, "ఏమ్మా, ఎన్ని కుంకుడుకాయలు పట్టాయేంటి?" అని అడిగేవారు. సీకాయ వాడాల్సిందని సలహా ఇచ్చిన మహానుభావులు కూడా ఉన్నారు. వాళ్లెవరెవరో నాకు ఇప్పటికీ గుర్తే. మర్చిపోయే రకాన్ని కాదు నేను.

మాది మామిడి వ్యాపారం. తోటలు మావి కావు. పూత చూసి తోటని కౌలుకి పట్టడం, కాయ ముదిరాక కోయించడం, లారీకెత్తించడం, ఇదీ మా మామయ్యగారి పని. ఆగిరిపల్లి వైపు రెండు తోటలు, జి. కొండూరు దారిలో ఒకటి ఏటా ఆయనే పట్టేవారు. నేను బాపులపాడులో కిరాణా కొట్టు నడుపుకునే వాళ్లమ్మాయిని. పెళ్లై వచ్చేనాటికి మామిడి పండు గురించి నాకు తెలిసిందల్లా తినడమే.

ఆ తోటలన్నీ తిరగడానికి మామయ్యగారికి ఒక కారుండేది. ఆయన చేతికొచ్చేటప్పటికే ఇద్దరి దగ్గర తిరిగిన పెట్రోలు కారు. పెరుగన్నం రంగు. డిక్కీ తీస్తే వరిగడ్డి, గోనెసంచులు, కాయ కోసే చిక్కాలు. వెనక సీట్లో కూర్చుంటే చీరకి జీడి మరకలు అంటేవి. దానికున్న గొప్ప గుణం ఒక్కటే, చప్పుడు చేసేది కాదు. మిట్టమధ్యాహ్నం తోట గట్టు మీదికి అది పిల్లిలా వచ్చి ఆగేది. కాపలా మనిషి కళ్లు తెరిచేటప్పటికి మామయ్యగారు వాడి మంచం కోడు దగ్గర నిలబడి, "కలలో ఎన్ని కాయలు రాలాయిరా?" అని అడుగుతూ ఉండేవారు. వాడు తువ్వాలు దులుపుకుంటూ లేచి, నిద్ర కాదండీ బాబూ, కళ్లలో దుమ్ము పడితే మూసుకున్నానండీ అనేవాడు. ఏటా అదే ప్రశ్న, అదే జవాబు.

నాకు ఆ కారంటే పిచ్చి. ఎందుకని అడిగితే చెప్పలేను. కొత్తగా వచ్చిన ఏడాది మా అత్తయ్యగారికి ఎండ తగులుతుందని ఆవిడ వెనక కూర్చుని నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. దారంతా నేను కిందికే చూస్తున్నాను. మామయ్యగారికి అనుమానం వచ్చింది.

"ఏంటమ్మాయ్, నా చెప్పుల వంక అలా చూస్తున్నావు? తెగినయ్యా?"

"చెప్పులు కాదండీ. మీ కాళ్లు ఎప్పుడు ఏది తొక్కుతున్నాయా అని చూస్తున్నానండీ."

అంతే, ఊరొచ్చేదాకా, ఇదిగో క్లచ్చి, ఇదిగో గేరు, ఇప్పుడు రెండోది, ఇప్పుడు మూడోది అని చెబుతూనే ఉన్నారు. వెనక నుంచి అత్తయ్యగారు, "దానికెందుకండీ ఇవన్నీ, కూర్చోనివ్వండి పాపం" అంటే కూడా ఆపలేదు. అప్పటికే ఆయన కళ్లలో శుక్లాలు మొదలయ్యాయి. ఎదురెండలో బండి నడిపేటప్పుడు అరచెయ్యి కనుబొమ్మల మీద పెట్టుకునేవారు. ఆ ఏడు ఒకసారి ఆగిరిపల్లి నుంచి వస్తూ రోడ్డు పక్కనున్న గడ్డివామిని గుద్దారు. ఆయనకీ కారుకీ ఏమీ కాలేదు. వామిలోంచి రెండు కోళ్లు ఎగిరాయంతే. కానీ మా ఆయన డ్రైవర్ని పెడదాం అని పట్టుబట్టారు.

"డ్రైవరెందుకురా, ఇంట్లో మనిషి ఉండగా. అమ్మాయికి నేను నేర్పుతాను" అన్నారు మామయ్యగారు.

మా ఆయనకి కారు నడపడం చేతకాదు. నేర్చుకోమంటే తల తిరుగుతుందంటారు. అటువంటి మనిషి నావైపు చూసి, నీకెందుకే అన్నట్టు నవ్వారు. ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండింది. అప్పుడే నిశ్చయించుకున్నాను, నేర్చుకుని తీరాలని.

సరిగ్గా ఆ సమయానికే కారు పొగ వదలడం మొదలెట్టింది. వెనకాల సైకిలు మీద వచ్చేవాడు కనిపించేవాడు కాదు, తిట్లు వినిపించేవి. ఇంజనాయిలు పోసినంతసేపు పట్టేది కాదు, తాగేసేది. మా ఊరి మెకానిక్ మేస్త్రి ఇంజను విప్పి, అరుగు మీద కూర్చుని టీ తాగుతూ సంగతి చెప్పాడు.

"రెండే దార్లండీ. పిస్టన్లు ఆడే గొట్టాలు అరిగిపోయినయ్యి. బెజవాడ పంపించి వాటిని బోరు కొట్టించి, అంటే లోపల మళ్లీ నున్నగా గీయించి, కొత్త పిస్టన్లు వేసుకుని దీన్నే కట్టుకోవచ్చు. లేదంటే దీన్ని పీకేసి డీజిలింజను దించుకోవచ్చు. ఇప్పుడు అందరూ అదే చేస్తున్నారండి."

మా ఆయన డీజిలంటే డీజిలన్నారు. ఖర్చు కలిసొస్తుంది, తోటలో మోటారుకి తెచ్చే డ్రమ్ములోంచే కారుకీ పోసుకోవచ్చు, ఎంత బరువైనా లాగుతుంది. అన్నీ నిజమే. చివర్లో నావైపు తిరిగి, "డీజిలైతే ముందుభాగం బరువెక్కుతుంది. ఆ స్టీరింగు ఆడవాళ్లు తిప్పేది కాదు. డ్రైవర్ని పెట్టుకోవాల్సిందే" అన్నారు. అంటే ఇంజను మారితే నా ముచ్చటకి నీళ్లొదులుకోవాలి. అది చెప్పడానికే అంత లెక్క చెప్పారని నాకు అప్పుడూ అనుమానమే, ఇప్పుడూ అనుమానమే.

మామయ్యగారు రెండు రోజులు ఎటూ తేల్చలేదు. పొద్దున్నే వెళ్లి ఆ విప్పిన సామాన్ల మధ్య పీట వేసుకుని కూర్చునేవారు. మేస్త్రి ఒక మాట ముందే చెప్పాడు. "ఇప్పటికి రెండుసార్లు గీసినారండి దీన్ని. ఇదే ఆఖరు బోరు. ఇంకోసారి గీయడానికి గోడలో ఇనుము మిగల్దు. ఆలోచించుకోండి." మూడో రోజు ఆయన ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ, "పాతదే కట్టిద్దాం. డీజిలు వేశామంటే మనం నూజివీడులో బయల్దేరుతుంటేనే ఆగిరిపల్లిలో కాపలావాడు లేచి కూర్చుంటాడు" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నావైపు చూసి తలూపారు. నేను వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూసుకోకుండా నిలబడ్డాను.

ఇక్కడ మా అత్తయ్యగారి ముక్కు గురించి చెప్పాలి. ఏ తోట కాయైనా లారీకెత్తించే ముందు, మొదటి కోతలో రెండు గంపలు ఇంటికి తెచ్చి మాగేసేవారు. ఎన్ని రోజులకి పండుతోంది, రుచెలా ఉంది, లోపల మచ్చేమైనా ఉందా చూశాకే మిగతా కాయకి దారి. పెరటివైపు ఒక గదిలో కింద వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, మళ్లీ గడ్డి కప్పి తలుపు మూసేవారు. ఆ గదికి అత్తయ్యగారే అధికారి. మామిడి పండు పక్కనున్న వాసనని పట్టేసుకుంటుందని ఆవిడ నమ్మకం. కిరసనాయిలు ముట్టుకున్న చేత్తో ఆ గది గడియ కూడా తియ్యకూడదు. ఉల్లిపాయ తరిగితే చింతపండుతో చేతులు తోముకుని వెళ్లాలి. అంతకుముందు ఏడు ఎవరో దీపం బుడ్డి పట్టుకుని లోపలికి వెళ్లారట. మేం పంపిన బంగినపల్లి పళ్లు తిన్న వియ్యాలవారు, పళ్లు బాగున్నాయి గానీ కాస్త దీపం వాసన వచ్చిందని అన్నారట. ఆ మాట ఆవిడకి చచ్చేదాకా పోలేదు.

బోరు కొట్టించిన బ్లాకు, అంటే ఆ గొట్టాలుండే ఇనుప దిమ్మ, బెజవాడ నుంచి ఖాళీగా వస్తున్న మామిడి లారీలో దిగింది. మొదటి బంగినపల్లి గంపలు ఆ ముందురోజే గదిలో చేరాయి. ఆ వేళకి మేస్త్రి తన తమ్ముడి పెళ్లికని షెడ్డుకి తాళం వేసి వెళ్లాడు. మామయ్యగారిది కోత దగ్గర, ఆగిరిపల్లి తోటలోనే మకాం. హమాలీలు నలుగురు మోసుకొచ్చి దాన్ని నూతి పక్కన దించారు. ఒళ్లంతా చిక్కటి నూనె పూసుకుని, నల్లగా, నాలుగు గుండ్రటి నోళ్లు తెరుచుకుని ఉంది. మా ఆయన చూసి, "ఆరుబయట ఉంచితే ఎవడైనా ఎత్తుకుపోతాడు. తాళం ఉన్న గది పండ్ల గది ఒక్కటే, అందులో పెట్టించండి" అన్నారు.

అత్తయ్యగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. "ఈ కంపు కొట్టేదాన్నా? నా గదిలోకా? నేను బతికుండగా రాదు."

ఆ తల్లీకొడుకుల మధ్య నేను నిలబడ్డాను. మా ఆయన విసుక్కుని లారీతో పాటే తోటకి వెళ్లిపోయారు. అది బయటుంటే పోతుందని నా భయం. అది పోతే నా స్టీరింగు పోయినట్టే. పోనీ వాసన లేకుండా చేస్తే? నాకు ఆ ఆలోచన రావడమే తడవు, హమాలీల్ని కాసేపు ఆగమని కాగు నిండా నీళ్లు కాచాను.

వాషింగు సోడా వేసి ముందొకసారి, తర్వాత కుంకుడు రసంతో ఒకసారి. కొబ్బరి పీచుతో మూల మూలలా రుద్దాను. ఆ నాలుగు గొట్టాల్లోకీ మోచేతిదాకా చెయ్యి పెట్టి తోమాను. లోపల ఎంత నున్నగా ఉందంటే, మా పెళ్లిలో పెట్టిన వెండి గ్లాసులు కూడా అంత నున్నగా లేవు. పసిపిల్లకి నీళ్లు పోసినట్టు పోసి, పాత నేతచీరతో తుడిచి, ఎండలో ఆరబెట్టాను. నూనె చుక్క లేకుండా తెల్లగా తేలింది. అత్తయ్యగారు చుట్టూ తిరిగి ముక్కు పెట్టి చూసి, "ఆఁ, ఇప్పుడు పట్టుకెళ్లండిరా" అన్నారు. నాకు పట్టాభిషేకం చేసినంత సంబరమైంది. గదిలో మూలన పెట్టించి, మీద ఇంత వరిగడ్డి పరిచి, గోనెసంచి కప్పి మరీ వచ్చాను.

కాయ మాగుతుంటే ఆ గది ఆవిరి పట్టిన వంటిల్లులా ఉంటుంది. గోడలకి కూడా చెమట పట్టేది. నాకది తెలుసు. తెలిసిన ముక్క ఇనుముకి వర్తిస్తుందని తట్టలేదు.

ఆరో రోజు మేస్త్రి వచ్చాడు. అప్పటికి మామయ్యగారూ మా ఆయనా తోట నుంచి వచ్చి ఉన్నారు. మేస్త్రి గోనెసంచి తీసి, గడ్డి తీసి, గొట్టంలో వేలు పెట్టి పైకి తీశాడు. వేలు ఎర్రగా ఉంది. మళ్లీ పెట్టాడు, గోటితో గీకాడు. లేచి నిలబడి ఒక్కొక్కరి మొహం చూశాడు.

"దీని నూనె ఎవరు తుడిచారండీ?"

దాచుకోవడం నాకు చేతకాదు.

"నేనేనండి. తుడవలేదు, కడిగాను."

"కడిగారా?"

"కుంకుడు రసంతో."

మేస్త్రి మళ్లీ గొంతుక్కూర్చున్నాడు. గీసిన ఇనుముకి నూనే ఒంటిమీద బట్టండీ, అది లేకపోతే గాలికే తుప్పు పడుతుంది, ఇది గుంటలు పడిపోయింది అని మెల్లగా చెప్పాడు. ముందు నవ్వింది మా ఆయనే. నవ్వి, నవ్వి, గుమ్మం పట్టుకున్నారు. అత్తయ్యగారు మాత్రం, "నా ముక్కు కాలిపోను, నేనే కదా వాసనన్నాను" అని తలుపు చాటుకి వెళ్లిపోయారు.

మామయ్యగారు నవ్వలేదు, కోప్పడనూ లేదు. మేస్త్రిని భుజం మీద చెయ్యేసి నూతి దగ్గరికి తీసుకెళ్లారు. ఇద్దరూ కాసేపు ఏదో మాట్లాడుకున్నారు. మేస్త్రి చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు, ఆయన తల అడ్డంగా ఊపుతున్నారు. తిరిగొచ్చి, "ఇది ఇంక పనికిరాదు. డీజిలే దింపేద్దాం. నాకూ కొన్నాళ్ల నుంచి అదే మంచిదనిపిస్తోంది" అన్నారు. ఆయన నోటి నుంచి ఆ మాట వచ్చేసరికి మా ఆయనకి కూడా నవ్వు ఆగిపోయింది.

ఆ రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఎవరో నా నోటి దగ్గరి కూడు లాక్కుంటే తిట్టుకోవచ్చు. నా చేతులతో నేనే, కొబ్బరి పీచు పెట్టి మరీ తోమి పారేసుకున్నాను. ఎవరిని తిట్టను?

వారం తిరక్కుండా డీజిలింజను వచ్చింది. దాన్ని స్టార్టు చేస్తే అలమరాలో గ్లాసులు గలగలమనేవి. మామయ్యగారు అన్నట్టే, మేం వెళ్లేసరికి కాపలా మనిషి తలదువ్వుకుని, మొహం కడుక్కుని, గట్టు మీద ఎదురుచూస్తూ ఉండేవాడు. ఆ సీజనుకి లారీ ఆఫీసు నుంచి ఒక డ్రైవర్ని అడిగి తెచ్చుకున్నాం. కోతలైపోగానే అతను వెళ్లిపోయాడు.

తర్వాత మా ఆయన డ్రైవర్ల కోసం వెతకడం మొదలెట్టారు. వచ్చినవాడికల్లా మామయ్యగారు వంక పెట్టారు. ఒకడు కిళ్లీ నములుతాడు, సీట్లు పాడవుతాయి. ఒకడు హారను ఎక్కువ కొడతాడు. ఒకడికి తోటల దారి తెలీదు. నెమ్మదస్తుడు, చుట్ట కూడా ముట్టనివాడు ఒకాయన వస్తే, "మరీ మంచివాడిలా ఉన్నాడు, నాకు అనుమానంగా ఉంది" అన్నారు. మా ఆయన విసిగిపోయి, మీకెవరు కావాలో మీరే తెచ్చుకోండి నాన్నా అనేశారు.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగి మామయ్యగారు కారు దగ్గరికెళ్లారు. ఎడమవైపు తలుపు తీసి కూర్చున్నారు. నేను పెరట్లో బట్టలారేస్తున్నాను.

"అమ్మాయ్, నీ వీపు వెనక పెట్టుకోవడానికి ఒక దిండు తెచ్చుకో. సీటు వెనక్కుంది."

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక తడిబట్ట చేత్తోనే పట్టుకుని కారు దగ్గరికి వచ్చాను. "మామయ్యగారూ, మీ ఇంజను పాడుచేసిన దాన్నండీ నేను" అన్నాను.

"ఇనుముకి తలంటు పోసి, తుడిచి, దుప్పటి కప్పి పడుకోబెట్టిన దానివి. నీకన్నా బాగా చూసుకునేవాడు నాకెక్కడ దొరుకుతాడు? ఎక్కు."

ఆగిరిపల్లి రోడ్డు మీద నేర్చుకున్నాను. స్టీరింగు నిజంగానే బరువు. మొదటి పది రోజులు భుజాలకి అమృతాంజనం రాసుకున్నాను. ఇంజను ఆగిపోయినప్పుడల్లా, "ఆగితే ఆగనీ, భయపడకు. దీన్ని కడిగినా ఏం కాదు" అనేవారు. ఆ మాట ఆయనంటే నాకు నవ్వొచ్చేది. ఇంకెవరైనా అంటే ఒళ్లు మండేది.

ఆ తర్వాత ఏడు సీజన్లు ఆయన్ని నేనే తోటలకి తిప్పాను. చూపు బాగా తగ్గాక కూడా వచ్చేవారు. గట్టు మీద నిలబడి, "పూత ఎలా ఉందమ్మాయ్?" అని అడిగేవారు. ఏ కొమ్మ ఎలా ఉందో నేను చూసి చెప్పాలి. నాకూ తోట చూడడం అలాగే వచ్చింది. దారిలో ఎప్పుడైనా ఆయన్ని ఏడిపించాలనిపిస్తే, "చప్పుడు చప్పుడన్నారు, చివరికి మీరే కదండీ డీజిలన్నది" అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు.

మామయ్యగారు పోయిన రెండేళ్లకి బ్రేకులు చూపించడానికి మేస్త్రి షెడ్డుకి వెళ్లాను. అప్పటికి అతనికీ జుట్టు నెరిసింది. పాత సంగతులు తీసి, తలంటు గుర్తుందాండీ అని నవ్వాడు. పెట్రోలింజను అలా పోకుండా ఉంటే పెద్దాయన ఎంత సంతోషించేవారో అన్నాను నేను. మేస్త్రి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"ఇప్పుడు చెప్తే తప్పు లేదు లేండి. అది పోలేదమ్మా. ఆ గొట్టాల్లో స్లీవులని కొత్త గొట్టాలు తొడగొచ్చు. నూతి దగ్గర పెద్దాయనకి అదే చెప్పాను. సామాను దొరికి, పనై వచ్చేసరికి సీజను అయిపోద్దండీ అన్నాను. వద్దన్నారు. నవ్వేవాళ్లు నాలుగు రోజులు నవ్వుతారు, పర్లేదు. కానీ సీజనంతా కారు లేకపోతే, ఇంట్లో ఏ పని ఆగినా ఆ పిల్ల మీదికే వస్తుంది, ఆ మాట పడనివ్వను, డీజిలు తెప్పించు అన్నారండీ. ఎవరికీ చెప్పొద్దన్నారు."

కారు నడుపుకుంటూ ఇంటికి వచ్చాను. ఎలా వచ్చానో తెలీదు. ఏడు సీజన్లు ఆయన పక్కన కూర్చుని, ఆ మాట అని ఏడిపించింది నేనే. ఒక్కసారైనా చెప్పొచ్చు కదా అని ఆయన మీద కోపం వచ్చింది. చెప్పి ఉంటే ఆ స్టీరింగు నేను పట్టుకునేదాన్నా అని కూడా అనిపించింది. నూతిగట్టు మీద కూర్చుని, ఎవరైనా చూస్తారేమోనన్న ఇది కూడా లేకుండా ఏడ్చాను.

ఆ బ్లాకు అప్పటికీ పెరట్లోనే ఉంది. ఎవరూ పారెయ్యలేదు. అత్తయ్యగారు దాని మీద కనకాంబరం కుండీలు పెట్టుకున్నారు. మర్నాడు పొద్దున్నే కుండీలు దించి, ఆకులూ మట్టీ దులిపి, ఆముదం తెచ్చి ఆ నాలుగు గొట్టాల్లోకీ మోచేతిదాకా చెయ్యి పెట్టి రాశాను. అత్తయ్యగారు గుమ్మంలోంచి చూసి, ఏంటే అది అన్నారు. ఏం లేదండీ అన్నాను. ఈసారి నూనె తుడవలేదు.